సీసా వెనక్కి తిప్పి చదవడం – 3వ పాఠం: ఒక శాతం గీత

గత పాఠం చివర ఒక పని అప్పగించాను. ఇంట్లో ఉన్న లోషన్ సీసా ఏదైనా ఒకటి తీసుకుని, దాని వెనుక ఉన్న పదార్థాల జాబితాను కాగితం మీద వరుసకు ఒక పేరు చొప్పున రాసుకోమన్నాను. ఆ కాగితం ఇప్పుడు కావాలి, ఒక పెన్సిలు కూడా. ఈ పాఠంలో మనం నేర్చుకునేది ఒక్క పనే: ఆ జాబితాలో అడ్డంగా ఒక గీత గీయడం, గీతకు పైనా కిందా ఏముందో చూసి ముందువైపు రాసిన మాటలను తూచడం.

పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారని 2వ పాఠంలో చెప్పుకున్నాం. ఆ నియమానికి ఒక మినహాయింపు ఉంది. ఒక శాతం లోపు ఉన్నవాటిని తయారీదారు తనకు నచ్చిన వరుసలో రాసుకోవచ్చు. యూరోపియన్ సమాఖ్యలోనూ అమెరికాలోనూ ఇదే పద్ధతి. అంటే ప్రతి జాబితాలోనూ ఒక చోట వరుసకు అర్థం పోతుంది. అక్కడి నుంచి పువ్వులు, మూలికల పేర్లు ముందుకొస్తాయి, సరుకు చెడిపోకుండా కలిపే ప్రిజర్వేటివ్‌లు తోకకు చేరతాయి. చట్టం ఒప్పుకున్న పనే, తప్పు పట్టలేం. కానీ చదివేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

గీత ఎక్కడ పడుతుందో లేబుల్ చెప్పదు, మనమే ఆనవాళ్లు పట్టుకోవాలి. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌ను యూరోపియన్ నిబంధనల ప్రకారం 1 శాతానికి మించి వాడకూడదు. సహజ ఉత్పత్తుల్లో తరచుగా కనిపించే బెంజైల్ ఆల్కహాల్‌కు, ప్రిజర్వేటివ్‌గా వాడినప్పుడు, అదే పరిమితి. డీహైడ్రోఎసిటిక్ యాసిడ్‌కు 0.6 శాతం. ఈ మూడింటిలో మీ జాబితాలో ఏది ముందు వస్తే దాని పైన గీత గీయండి. దాని తరువాత వచ్చేవేవీ ఒక శాతాన్ని దాటలేవు. అసలు గీత ఇంకా పైన కూడా ఉండవచ్చు, కిందికి మాత్రం రాదు.

ఒక జాబితా మీద చేసి చూద్దాం. అభ్యాసం కోసం నేను కూర్చినదే, కానీ ఇలాంటివి మీకు బోలెడు కనిపిస్తాయి. ఆక్వా (అంటే నీరు), కాప్రిలిక్ క్యాప్రిక్ ట్రైగ్లిజరైడ్, గ్లిజరిన్, సెటియరిల్ ఆల్కహాల్, గ్లిజరిల్ స్టియరేట్, షియా వెన్న, బెంజైల్ ఆల్కహాల్, కలబంద ఆకు రసం పొడి, చామంతి సారం, లావెండర్ నూనె, టోకోఫెరాల్, డీహైడ్రోఎసిటిక్ యాసిడ్, లినలూల్, లిమొనీన్. సీసా ముందువైపు చామంతి, లావెండర్ బొమ్మలున్నాయనుకోండి. బెంజైల్ ఆల్కహాల్ పైన గీత గీస్తే బొమ్మలోని మొక్కలన్నీ కిందే పడ్డాయి. చర్మానికి తేమ, మెత్తదనం ఇస్తున్నది పైన ఉన్న గ్లిజరిన్, ట్రైగ్లిజరైడ్, షియా వెన్న. నన్నడిగితే ఇది మంచి లోషనే. బొమ్మ మాత్రం వేరే సరుకుది.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకండి. గీత కింద ఉన్నదంతా కంటితుడుపు కాదు. కలబంద పొడినే చూడండి. రసాన్ని 200 రెట్లు చిక్కబరిచి చేసే పొడి ఉంది. అది అర శాతం కలిపితే చాలు, లోషన్ బరువంత రసంలో ఉండే సారం వచ్చేస్తుంది. తాజా కలబంద రసంలో నూటికి దాదాపు 99 వంతులు నీరే మరి. అందుకే ఆక్వా బదులు కలబంద రసం మొదట కనిపించినా ఉప్పొంగిపోకండి. విటమిన్ ఇ అయిన టోకోఫెరాల్ కూడా కొంచెమే చాలు, నూనెలు కనరెక్కకుండా చూస్తుంది. అయితే సూక్ష్మజీవులను ఆపలేదు. దాన్ని ప్రిజర్వేటివ్ అని చెప్పుకునే లేబుల్‌ను నమ్మవద్దు.

సూక్ష్మజీవుల మాట వచ్చింది కాబట్టి కొంచెం ఆగుదాం. ప్రిజర్వేటివ్ లేదని గర్వంగా రాసుకున్న ఒక క్రీమ్‌ను నేను ఎంతో ఇష్టంగా కొన్నాను. జాబితాలో మొదటి పేరు నీరు. ఆరో వారంలో మూత తిప్పితే లోపలి అంచు వెంట బూడిద రంగు చుక్కలు వలయంగా కనిపించాయి. వేలితో తుడిస్తే పట్టులాంటి నూగు అంటుకుంది. బూజు కనబడింది కనుక పారేశాను. బ్యాక్టీరియా పెరిగి ఉంటే కంటికి కనబడేది కాదు, రోజూ ఒంటికి రాసుకుంటూనే ఉండేదాన్ని. నీరున్న ఉత్పత్తికి ప్రిజర్వేటివ్ కావాలి. అది వద్దనుకుంటే నీరే లేని బామ్ కొనండి, దాంట్లో తడి వేలు పెట్టకండి. బామ్ జిడ్డుగా ఉంటుంది, ఒంట్లోకి ఇంకడానికి సమయం పడుతుంది. ఆ జిడ్డును భరించగలరా లేదా అన్నది మీ ఇష్టం.

‘ఫలానాది లేదు’ అన్న మాట చూసినప్పుడల్లా, దాని బదులు ఏం వేశారో వెతకండి. దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. పారాబెన్‌లు ఒక రకం ప్రిజర్వేటివ్‌లు. పారాబెన్‌ల మీద భయం పెరిగాక చాలా ఉత్పత్తుల్లోకి మరో ప్రిజర్వేటివ్‌గా మిథైల్‌ఐసోథయజోలినోన్ వచ్చింది. దాంతో చర్మపు అలర్జీలు ఎంతగా పెరిగాయంటే, తాకిన పదార్థాల వల్ల వచ్చే చర్మపు వాపును పట్టించుకునే అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో దాన్ని ఆ ఏటి అలర్జీకారకంగా ప్రకటించింది. ఒంటిమీద ఉంచుకునే ఉత్పత్తుల్లో 2017 నుంచి యూరోపియన్ సమాఖ్య దాన్ని నిషేధించింది. 2019లో అదే సొసైటీ పారాబెన్‌లను అలర్జీ కలిగించని పదార్థంగా ఎత్తిచూపింది. పారాబెన్‌ల మీద ఉన్న మిగతా అనుమానాల సంగతి వేరు, అది 6వ పాఠంలో వస్తుంది. ‘పారాబెన్ లేదు’ అన్న ముక్క చూసి కొని, దద్దుర్లతో బాధపడినవాళ్లను తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

చంక వాసనకు వాడే స్ఫటికం పుల్లలూ ఇలాంటివే. కొన్నింటి మీద, చెమటను ఆపడానికి వాడే అల్యూమినియం క్లోరోహైడ్రేట్ లేదని రాస్తారు. నిజమే, అది లేదు. ఆ స్ఫటికం పటిక. పటిక అంటే పొటాషియం అల్యూమినియం సల్ఫేట్. అల్యూమినియం వద్దనుకున్నవాళ్లు ఆ మాట నమ్మి అల్యూమినియమే కొన్నట్టు.

మన జాబితా చివరి రెండు పేర్లు, లినలూల్, లిమొనీన్, లావెండర్ నూనె నుంచి సహజంగానే వస్తాయి. గాలి తగిలి పాతబడితే అలర్జీ కలిగించే పదార్థాలుగా మారతాయి. ఒంటి మీద ఉంచుకునే వాటిలో 0.001 శాతం దాటితే పేరు రాయాలని యూరోపియన్ నియమం. అవి కనిపించడం నిజాయతీకి గుర్తే. సున్నితమైన చర్మం ఉన్నవాళ్లు మాత్రం ఆ సీసా జోలికి పోకండి.

ఆర్గానిక్ అనే మాటకూ ఈ గీత పనికొస్తుంది. సేంద్రియ సౌందర్య ఉత్పత్తులకు ఇచ్చే కాస్మోస్ ఆర్గానిక్ ముద్ర కావాలంటే మొత్తం ఉత్పత్తిలో కనీసం 20 శాతం సేంద్రియ పదార్థం ఉండాలి, కడిగేసుకునే వాటికైతే 10 శాతం. అంత తక్కువా అనిపిస్తుంది, కానీ నీటికి సేంద్రియం అన్న లెక్క లేదు, సీసాలో సగానికి పైగా నీరే ఉండవచ్చు. ఏ ముద్రా లేకుండా ఒక్క మొక్క పేరు పక్కన నక్షత్రం గుర్తు పెట్టి ఆర్గానిక్ అంటే, ఆ మొక్క గీతకు ఏ పక్కన ఉందో చూడండి.

అభ్యాసం: మీ కాగితం మీద గీత గీసి, ముందువైపు బొమ్మలో ఉన్న ప్రతి మొక్క పేరు చుట్టూ సున్నా చుట్టండి. గీతకు పైన ఎన్ని, కింద ఎన్ని అన్నది రాసుకోండి. ప్రిజర్వేటివ్ ఏదో పోల్చుకుని దాని కింద రెండు గీతలు గీయండి. ఒక్కటీ దొరకకపోతే, నీరు ఉందో లేదో చూసి, సీసా తెరిచిన తేదీ మూత మీద రాయండి. 4వ పాఠానికి ఒక సబ్బు రేపర్ కూడా దాచి ఉంచండి. అందులో సోడియం హైడ్రాక్సైడ్ అన్న పేరు కనిపిస్తే కంగారు పడి పారేయకండి, మన పాఠం దానితోనే మొదలవుతుంది.