ఉద్యోగుల ఆలోచనా తీరును బట్టి పని అప్పగించడం ఎలా?
బ్రిటిష్ మనస్తత్వవేత్త మైకేల్ కర్టన్ 1976లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, కొందరు ఉన్న పద్ధతిని మెరుగుపరచడానికి మొగ్గు చూపితే, మరికొందరు ఆ పద్ధతినే ప్రశ్నిస్తారు. ఈ తేడా సామర్థ్యానికి కాక, సమస్యను పరిష్కరించే తీరుకు సంబంధించినది. చాలామంది ఈ రెండు కొసల నడుమనే ఉంటారు.

మొదటి తరహా ఉద్యోగికి గడువు, నియమాలు, ఆశించే ఫలితం రాతపూర్వకంగా ఇచ్చి, మార్పు ఏదైనా ఉంటే దాని కారణాన్ని ముందుగానే వివరించండి. రెండో తరహా వారికి సమస్యను, దాటకూడని హద్దులను స్పష్టం చేస్తే చాలు.

అసలు చిక్కు వీరు కలిసి పనిచేసేటప్పుడే వస్తుంది: ఒకరు చాదస్తులుగా, మరొకరు నిలకడలేనివారుగా పరస్పరం కనిపిస్తారు. జీతాల లెక్కల సాఫ్ట్‌వేర్‌ను మార్చవలసి వచ్చిందనుకుందాం. కొత్త ఏర్పాటును రూపొందించే బాధ్యతను రెండో తరహా వారికి, దాన్ని పాత లెక్కలతో సరిపోల్చి తప్పులు పట్టే బాధ్యతను మొదటి తరహా వారికి అప్పగించి, ఇరువురి అభ్యంతరాలనూ ఒకే సమావేశంలో వినండి. చర్చాంశాలను ముందురోజే పంపితే, నిదానంగా ఆలోచించేవారు కూడా మాట్లాడగలుగుతారు.

ఎవరిది ఏ తరహా అన్నది మీరే ఊహించి ముద్ర వేయకండి (పై అధికారులకు ఈ అలవాటు కాస్త ఎక్కువే). ఇటీవలి పనిలో ఏది సులువుగా సాగిందో, ఏది విసుగు పుట్టించిందో వారినే అడిగి, పని స్వభావం మారినప్పుడల్లా మళ్లీ అడగండి.