లినక్స్‌లో మన పాటలు – 2వ పాఠం: ఏ ప్లేయర్ కొనాలి

మొదటి పాఠంలో పాటల ఫైళ్ళ ఫార్మాట్ల సంగతి చూశాం కదా, ఎమ్‌పీ3 ఏంటి, ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించే రకం) ఏంటి, ఓపస్ ఎక్కడ పనికొస్తుంది అని. ఇప్పుడు ఆ ఫైళ్ళన్నీ జేబులో వేసుకుని తిరగడానికి ఒక ప్లేయర్ కావాలి. ఫోన్ ఉందిగా అంటే ఉంది, కాదనను, ఫోన్‌తో సరిపోయేవాళ్ళు ఈ పాఠం దాటేసి మూడోదానికి వెళ్ళిపోవచ్చు.

ముందు ఒక విషయం. డబ్బా మీద "విండోస్, మ్యాక్" అని రాసుంటుంది, లినక్స్ అని దాదాపు ఎక్కడా రాయరు. అది చూసి వెనక్కి తగ్గక్కర్లేదు, అలాగే విండోస్‌లో పనిచేస్తే ఇక్కడా చేస్తుందిలే అని ధీమాగా కొనేయక్కర్లేదు. మనం అడగాల్సిన ప్రశ్న వేరు: కేబుల్ గుచ్చగానే ఈ ప్లేయర్ కంప్యూటర్‌కి తను ఏమని చెప్పుకుంటుంది? దానికి జవాబు తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

మామూలుగా మూడు రకాలు. మొదటిది మాస్ స్టోరేజ్, స్పెసిఫికేషన్‌లో యూఎమ్‌ఎస్ అనో ఎమ్‌ఎస్‌సీ అనో కనిపిస్తుంది. పెన్‌డ్రైవ్ ఎలాగో ఇదీ అంతే, కెర్నెల్‌లో (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) ఉన్న యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్ పట్టుకుంటుంది, ఫోల్డర్ తెరుచుకుంటుంది, పాటలు లాగి పడేస్తే చాలు. ఏ డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం) అయినా, ఎంత పాతదైనా ఒకటే కథ. కేబుల్ వరకు ఇది దొరికితే ఇంకేం ఆలోచించకండి.

రెండోది ఎమ్‌టీపీ (మీడియా ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్), మైక్రోసాఫ్ట్ తెచ్చిన పద్ధతి, 2008లో యూఎస్‌బీ స్టాండర్డ్స్‌లోకి కూడా చేరింది. కెమెరాల నుంచి ఫోటోలు తీసుకోవడానికి వాడే పీటీపీ మీద కట్టారు దీన్ని. తేడా ఏంటంటే, మాస్ స్టోరేజ్‌లో మీరు లైబ్రరీ లోపలికి వెళ్ళి అరల్లోంచి పుస్తకం మీరే తీసుకుంటారు, ఎమ్‌టీపీలో బయట కౌంటర్ దగ్గర నిలబడి ఫలానాది కావాలని చీటీ రాసివ్వాలి, లోపలున్నాయన తెచ్చిచ్చేదాకా ఆగాలి, అదీ ఒక్కోటి చొప్పున. అందుకే వందల కొద్దీ చిన్న ఫైళ్ళు పంపేటప్పుడు నసగా ఉంటుంది, మధ్యలో ఇంకో విండోలో అదే డివైస్ తెరిస్తే ఒక్కోసారి మొత్తం బిగుసుకుపోతుంది, ప్లేయర్‌లో ఉన్న ఫైల్‌కి ట్యాగ్ (పాట పేరు, పాడినవాళ్ళ పేరు లాంటి వివరాలు) మార్చాలంటే కూడా చాలాసార్లు వెనక్కి తెచ్చుకుని మార్చి మళ్ళీ పంపాలి. లినక్స్‌లో అసలు పనిచేయదా అంటే చేస్తుంది, లిబ్‌ఎమ్‌టీపీ అనే లైబ్రరీ ఉంది, డెస్క్‌టాప్ గ్నోమ్ అయినా కేడీఈ అయినా ఫైల్ మేనేజర్ దాని సాయంతోనే చూపిస్తుంది, టెర్మినల్‌లో కమాండ్లు కొట్టేవాళ్ళకి జేఎమ్‌టీపీఎఫ్‌ఎస్ లాంటివి ఉన్నాయి. పనవుతుంది కానీ సుఖం ఉండదు. ఆండ్రాయిడ్ మీద నడిచే ఖరీదైన ప్లేయర్లు మామూలుగా ఈ జాతే, ఎక్కువ డబ్బు పెట్టినంత మాత్రాన ఈ తలనొప్పి పోదు.

మూడోది సొంత పద్ధతి, అంటే ఐపాడ్. యాపిల్ 2022లో ఐపాడ్ టచ్‌తో ఈ లైన్ మొత్తం ఆపేసింది కానీ సెకండ్ హ్యాండ్‌లో ఇంకా బాగానే తిరుగుతున్నాయి, అందుకే చెప్తున్నా. పాత క్లాసిక్, నానో లాంటివి డిస్క్‌లాగే కనిపిస్తాయి, ఫైల్ కాపీ కూడా అవుతుంది, కానీ ప్లేయర్‌లో పాట కనపడదు! ఎందుకంటే అది ఫోల్డర్లు చూడదు, తన డేటాబేస్ ఫైల్‌లో పేరు ఉన్న పాటలే చూపిస్తుంది. ఆ డేటాబేస్ రాయడానికి లినక్స్‌లో లిబ్‌జీపాడ్, దాని మీద జీటీకేపాడ్ లాంటి ప్రోగ్రాములు ఉన్నాయి. 2007 నుంచి వచ్చిన మోడల్స్‌లో ఆ డేటాబేస్‌కి, అది సరైనదేనా అని ప్లేయర్ సరిచూసుకునే ఒక చెక్ కోడ్ కూడా పెట్టారు, అక్కడి నుంచి గొడవ పెరిగింది. ఇంకోటి, మ్యాక్‌లో ఫార్మాట్ చేసిన ఐపాడ్ అయితే హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే యాపిల్ ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్ళు సర్దే పద్ధతి) ఉంటుంది, దాంట్లో జర్నలింగ్ (మార్పులని ముందే చిట్టాలో రాసుకోవడం) ఆన్‌లో ఉంటే లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, రాయనివ్వదు. విండోస్‌లో ఫార్మాట్ చేసింది అయితే ఫ్యాట్32, అదే నయం. టచ్ జోలికి మాత్రం పోకండి, పాటల కోసం అంత శ్రమ దండగ.

ఇక నా అసలు సలహా. ఈ మూడింట్లో ఏది అని తల బద్దలుకొట్టుకునే ముందు మైక్రో ఎస్‌డీ కార్డ్ స్లాట్ ఉందా లేదా చూడండి. స్లాట్ ఉంటే కేబుల్ ఏ భాష మాట్లాడితే మనకేంటి, కార్డ్ తీసి రీడర్‌లో పెట్టి నేరుగా కాపీ చేసుకోవడమే, ఎమ్‌టీపీ గొడవ మొత్తం పక్కకి పోతుంది. రేపు ప్లేయర్ పాడైనా లైబ్రరీ కార్డ్‌లో భద్రంగా ఉంటుంది, ఇంకోదాంట్లో పెట్టుకోవచ్చు. స్లాట్ లేని ప్లేయర్‌ని నేనైతే ఎంత బాగున్నా కొనను.

కార్డ్ విషయంలో ఒక్క చిక్కు ఉంది, ఫైల్ సిస్టమ్. 32 జీబీ వరకు కార్డులు ఫ్యాట్32లో వస్తాయి, 64 జీబీ నుంచి ఎక్స్‌ఫ్యాట్. లినక్స్ వైపు ఇప్పుడు సమస్య లేదు, మైక్రోసాఫ్ట్ 2019లో ఎక్స్‌ఫ్యాట్ స్పెసిఫికేషన్ బయటపెట్టింది, 2020లో వచ్చిన 5.7 కెర్నెల్ నుంచి మంచి డ్రైవర్ లోపలే ఉంది. సమస్య ప్లేయర్ వైపు, చౌక ప్లేయర్లు చాలావాటికి ఎక్స్‌ఫ్యాట్ అర్థం కాదు, "32 జీబీ వరకే" అని రాస్తారు. అలాంటప్పుడు పెద్ద కార్డ్‌ని ఫ్యాట్32లోకి ఫార్మాట్ చేస్తే చాలాసార్లు నడుస్తుంది, గ్యారంటీ ఏం లేదు కానీ ప్రయత్నించడంలో పోయేదేం లేదు. విండోస్‌లో వచ్చే ఫార్మాట్ డబ్బా ఏళ్ళ తరబడి 32 జీబీ దాటి ఫ్యాట్32 చేయనివ్వలేదు, మన ఎమ్‌కేఎఫ్‌ఎస్ కమాండ్‌కి ఎప్పుడూ ఆ పట్టింపు లేదు, ఇక్కడ మనదే పైచేయి. ఫ్యాట్32లో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు, పాటలకి అది అడ్డే కాదు, సీడీ నుంచి తీసిన నాలుగు నిమిషాల పాట కుదించకుండా ఉంచినా 42 ఎమ్‌బీ దగ్గరే ఆగుతుంది.

ఎవరిదైనా ప్లేయర్ చేతికి దొరికితే, లేదా వాపసు ఇచ్చే వీలుంటే, ఇలా పరీక్షించండి. కేబుల్ పెట్టి టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌ని హైఫన్ టీ తగిలించి కొట్టండి. ఆ డివైస్ లైన్‌లో క్లాస్ దగ్గర మాస్ స్టోరేజ్ అని వస్తే సంతోషం. ఇమేజింగ్ అనో వెండర్ స్పెసిఫిక్ అనో వస్తే ఎమ్‌టీపీ అయ్యుండొచ్చు (ఇమేజింగ్ ఎందుకంటే ఇందాక చెప్పిన కెమెరా చుట్టరికం). వెంటనే నిరాశపడకుండా ప్లేయర్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ మోడ్ ఉందేమో వెతకండి, శాన్‌డిస్క్ సాన్సా క్లిప్ ప్లస్‌లో ఉన్నట్టు కొన్నిట్లో ఎమ్‌ఎస్‌సీకి మార్చుకోవచ్చు. మార్చాక కేబుల్ పీకి మళ్ళీ పెట్టి ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొడితే కొత్త డిస్క్ కనపడాలి.

ఫర్మ్‌వేర్ (ప్లేయర్‌ని లోపల నడిపించే సాఫ్ట్‌వేర్) సంగతి చాలామంది మర్చిపోతారు. అప్‌డేట్ ఫైల్‌ని కార్డ్‌లో పెట్టి ప్లేయర్ మెనూ నుంచి ఎక్కించుకునే రకం అయితే మనకి ఓకే, విండోస్ ప్రోగ్రామ్ రన్ చేస్తేనే అప్‌డేట్ అవుతుంది అంటే ఆలోచించుకోవాలి. కంపెనీ సపోర్ట్ పేజీ ఐదు నిమిషాలు చదివితే ఇది తెలిసిపోతుంది, కొన్నాక కాదు, ముందే చదవండి.

ఫర్మ్‌వేర్ అంటే గుర్తొచ్చింది, రాక్‌బాక్స్. 2001లో ఆర్కోస్ ప్లేయర్ల కోసం మొదలైన ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్, ఇప్పటికీ బతికే ఉంది. సాన్సా క్లిప్ ప్లస్, క్లిప్ జిప్, ఐపాడ్ వీడియో, ఐపాడ్ క్లాసిక్, ఫియో ఎమ్3కే లాంటి వాటికి దొరుకుతుంది. దీని వల్ల లాభం ఏంటంటే ఫ్లాక్, ఓగ్ వోర్బిస్, ఓపస్ అన్నీ పాడుతుంది, పాటకీ పాటకీ మధ్య ఖాళీ రాకుండా గ్యాప్‌లెస్‌గా నడుస్తుంది, ఐపాడ్‌లో అయితే డేటాబేస్ బెడద పోయి ఫోల్డర్లు ఫోల్డర్లలాగే కనిపిస్తాయి. ఎక్కించే రాక్‌బాక్స్ యుటిలిటీ లినక్స్‌లో కూడా నడుస్తుంది. పాత ప్లేయర్ కొనాలనుకుంటే ముందు రాక్‌బాక్స్ సపోర్ట్ లిస్ట్ తెరిచి, మోడల్ పేరు ఒక్కటే కాదు, ఏ జనరేషనో కూడా చూసి అప్పుడు కొనండి, ఒకే పేరుతో లోపల వేరే చిప్ ఉన్నవి చాలా ఉన్నాయి. పాతదాంట్లో బ్యాటరీ కూడా ముసలిదై ఉంటుంది, అది లెక్కలో పెట్టుకోండి.

చిన్న స్క్రీన్ ప్లేయర్లలో తెలుగు ఫాంట్ మామూలుగా ఉండదు, పాట పేరు తెలుగులో ట్యాగ్ చేస్తే డబ్బాలు కనిపిస్తాయి, ఫాంట్ ఉన్నా ఒత్తులు విడిపోయి వికారంగా ఉంటాయి. కాబట్టి ప్లేయర్‌కి పంపే కాపీల్లో ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టుకోవడమే మేలు.

అభ్యాసం. ఈ మూడింటిలో దేన్ని కొంటారు, ఎందుకు, రెండు ముక్కల్లో రాసుకోండి. మొదటిది: ఆండ్రాయిడ్ ప్లేయర్, ఎమ్‌టీపీ మాత్రమే, కార్డ్ స్లాట్ ఉంది, ఎక్స్‌ఫ్యాట్ చదువుతుంది. రెండోది: మాస్ స్టోరేజ్, 8 జీబీ లోపలి మెమరీ, స్లాట్ లేదు, ఎమ్‌పీ3 ఒక్కటే పాడుతుంది. మూడోది: పాత ప్లేయర్, స్లాట్ ఉంది, రాక్‌బాక్స్ లిస్ట్‌లో ఉంది, బ్యాటరీ గంటన్నర కూడా ఆగట్లేదు. రెండోదాన్ని ఎంచుకుంటే మీ ఫ్లాక్ లైబ్రరీని ఏం చేస్తారో కూడా రాయాలి. జవాబులు మూడో పాఠం మొదట్లో ఇస్తాను, ఆ పాఠంలో ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో కార్డ్ నింపడం, ఫ్యాట్‌లో ఫైల్ టైమ్ రెండు సెకన్ల లెక్కన ఉండటం వల్ల ప్రతిసారీ మొత్తం మళ్ళీ కాపీ అయ్యే గోల చూద్దాం.