మెగా డ్రైవ్ ‘అల్లాదీన్’ గేమును చివరి శత్రువు జాఫర్ దాకా ఆడి గెలవడం ఎలా

డిస్నీ సంస్థ తీసిన అల్లాదీన్ చిత్రం 1992 నవంబరులో విడుదలైంది. ఏడాది తిరిగేసరికి, అంటే 1993 నవంబరులో, అదే కథతో రెండు వేర్వేరు గేములు వచ్చాయి. సూపర్ నింటెండో అనే గేము యంత్రం కోసం క్యాప్‌కామ్ సంస్థ తయారు చేసింది ఒకటి. సెగా కంపెనీ యంత్రమైన మెగా డ్రైవ్ కోసం వర్జిన్ గేమ్స్ సంస్థ తయారు చేసింది మరొకటి. పేరు ఒకటే అయినా వీటిని ఆడే తీరులో పోలిక చాలా తక్కువ. క్యాప్‌కామ్ గేములో అల్లాదీన్‌కు కత్తి ఉండదు. శత్రువుల మీదికి దూకి వాళ్లను పడగొడుతూ ముందుకు వెళ్లాలి. వర్జిన్ గేములో కత్తి ఉంటుంది, దానితో పాటు విసరడానికి యాపిల్ పండ్లు ఉంటాయి. ఒకదానికి రాసిన సూచనలు రెండోదానికి పనికిరావు కాబట్టి, ఈ వ్యాసంలో చెప్పేదంతా మెగా డ్రైవ్ గేము గురించేనని పాఠకులు గమనించాలి. ఇదే గేము తరువాత డాస్ కంప్యూటర్లకు కూడా వచ్చింది కనుక, దీన్ని కంప్యూటరు మీద చూసినవారికి కూడా ఈ సూచనలు చాలావరకు వర్తిస్తాయి.

ఇప్పుడు కొత్తగా ఆడదలచినవారు పాత యంత్రం కోసం వెతకవలసిన అవసరం లేదు. డిజిటల్ ఎక్లిప్స్ సంస్థ 2019 అక్టోబరులో ఈ గేమును లయన్ కింగ్ గేముతో కలిపి స్విచ్, ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్, పీసీలకు ఒకే సంకలనంగా తీసుకువచ్చింది. అందులో ఆటను కొన్ని క్షణాలు వెనక్కి తిప్పుకునే సదుపాయం, ఎక్కడైనా సేవ్ చేసుకునే సదుపాయం ఉన్నాయి. అంతకంటే విలువైనది మరొకటి ఉంది. గేము మొదటి నుంచి చివరి దాకా ఆడిన వీడియో అందులోనే ఉంటుంది; దాన్ని చూస్తూ ఉండగా మనకు కావలసిన చోట ఆపి, అక్కడి నుంచి మనమే ఆడుకోవచ్చు. ఒక లెవెల్‌లో ఒకే ఒక్క జంప్ దగ్గర ఆగిపోయినవారికి ఇది గురువుతో సమానం. అసలు మెగా డ్రైవ్ క్యాట్రిడ్జిలో సేవ్ లేదు, పాస్‌వర్డ్ లేదు. మొదలుపెడితే ఒకే విడతలో పూర్తి చేయవలసిందే. అందువల్ల పాత యంత్రం మీద ఆడేవారు లైఫులను, అవి అయిపోయాక ఆటను కొనసాగించనిచ్చే కంటిన్యూలను కూడబెట్టుకోవడం మొదటి లెవెల్ నుంచే అలవాటు చేసుకోవాలి.

ఆడటం మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగిలినవన్నీ తేలికవుతాయి. ఈ గేములోని బొమ్మలను డిస్నీ చిత్రకారులే కాగితం మీద చేతితో గీశారు. వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, డేవిడ్ పెర్రీ నాయకత్వంలోని ప్రోగ్రామర్ల బృందం గేముగా మలిచింది. అందుకే ఇందులో ప్రతి శత్రువూ దెబ్బ కొట్టే ముందు ఒక భంగిమలోకి వస్తాడు. కత్తి ఎత్తే భటుడు ముందు ఒళ్లు వెనక్కి వంచుతాడు, బాకు విసిరేవాడు ముందు చెయ్యి ఎత్తుతాడు. అప్పటి గేములలో చాలావాటిలో ఇంత స్పష్టమైన హెచ్చరిక కనిపించదు. కాబట్టి వేగంగా పరుగెత్తి గుద్దుకోవడం కంటే, తెర అంచున శత్రువు కనిపించగానే ఆగి, అతడు ఒక్కసారి ఏం చేస్తాడో చూసి, ఆ తరువాత కదలడమే ఈ గేములో గెలిచే పద్ధతి. అదే బొమ్మల వల్ల ఒక ఇబ్బంది కూడా ఉంది. నేపథ్యం ఎంతో అందంగా, వివరంగా గీసి ఉండటం వల్ల ఏది నిలబడగలిగే గట్టు, ఏది వట్టి అలంకారం అన్నది మొదటి చూపులో తేలదు. అనుమానం వచ్చిన చోట ముందు చిన్న జంప్‌తో అంచును పరీక్షించి, ఆ తరువాతే పెద్ద జంప్ చేయడం మంచిది.

తెర మీద పైమూలన దీపం, దాని నుంచి వచ్చే పొగ కనిపిస్తాయి. ఆ పొగే మీ ప్రాణశక్తి. దెబ్బ తగిలే కొద్దీ పొగ సన్నబడుతుంది. అంకెల కోసం వెతికేవారు మొదట్లో దీన్ని గమనించరు. పొగ సన్నబడిందంటే ముందున్న శత్రువుతో తలపడకుండా, దారిలో దొరికే నీలి హృదయం కోసం చూసుకోవాలి. అది తీసుకుంటే శక్తి తిరిగి వస్తుంది. నీలిరంగు కూజా కనిపిస్తే దాన్ని తప్పకుండా తాకాలి, ఎందుకంటే లైఫ్ పోయినప్పుడు అక్కడి నుంచే తిరిగి మొదలవుతుంది. దీపంలోని భూతం జీనీ ముఖం ఉన్న గుర్తులను పోగు చేస్తే లెవెల్ చివర బహుమతుల ఆట ఆడే అవకాశాలు దొరుకుతాయి. అబూ గుర్తు దొరికితే కోతి అబూతో ఆడే ఒక చిన్న అదనపు ఆట వస్తుంది. ఎర్రటి రత్నాలను మాత్రం ఎక్కడా వదలకూడదు. దారిలో సామాన్ల దుకాణం పెట్టుకుని కూర్చునే వర్తకుడు ఆ రత్నాలు తీసుకుని అదనపు లైఫులను, కంటిన్యూలుగా పనికివచ్చే ‘కోరికలను’ అమ్ముతాడు. గేము చివరికి చేరతామా లేదా అన్నది చాలాసార్లు ఈ వర్తకుడి దగ్గరే తేలుతుంది.

కత్తి, యాపిల్ రెండింటిలో దేన్ని ఎప్పుడు వాడాలన్నది ఈ గేముకు మూలసూత్రం. కత్తికి లెక్క లేదు, ఎన్నిసార్లైనా ఝళిపించవచ్చు, పైగా మీ వైపు వచ్చే బాకులను కత్తి దెబ్బతో తిప్పికొట్టవచ్చు. యాపిల్ దూరం నుంచి పని చేస్తుంది గాని లెక్క ప్రకారం ఖర్చవుతుంది. కొత్తగా ఆడేవారు భయం కొద్దీ మొదటి బజారులోనే యాపిల్ పండ్లన్నీ విసిరేస్తారు. నా అభిప్రాయం ప్రకారం, ఎదురుగా ఒకే మట్టం మీద నిలబడిన శత్రువు మీద యాపిల్ వాడటం వృథా. మీరు చేరలేని గట్టు మీద నిలబడి విసిరేవాడికి, కిటికీలోంచి కుండలు పడేసేవాడికి, గాలిలో తిరిగే గబ్బిలానికి మాత్రమే దాన్ని దాచుకోవాలి. ఆప్షన్లలో ప్రాక్టీస్, నార్మల్, డిఫికల్ట్ అని మూడు స్థాయులు ఉన్నాయి. బటన్లు చేతికి అలవాటయ్యే దాకా ప్రాక్టీస్‌లో ఆడటంలో చిన్నతనం ఏమీ లేదు.

మొత్తం 10 లెవెళ్లు ఉన్నాయి. మొదటిది కథ జరిగే అగ్రబా నగరంలోని బజారు. ఇది ఆట నేర్పడానికే ఉందనిపిస్తుంది: తాడు పట్టుకుని ఎక్కడం, గోడల నుంచి పొడుచుకు వచ్చిన కర్రల మీదికి దూకి పైకి ఎగరడం, నిప్పుల మీద నుంచి దాటడం అన్నీ ఇక్కడే వస్తాయి. నిప్పుల మీద నడిస్తే శక్తి పోతుంది కాబట్టి వాటిని ఒకే జంప్‌లో దాటాలి. ఒంటె కనిపించినప్పుడు దాని మూపురం మీదికి దూకి చూడండి. అది నోటితో ఉమ్మే ఉమ్మి ముందున్న శత్రువుకు తగులుతుంది. పై అంతస్తులకు వెళ్లి వెతికితే రత్నాలు దొరుకుతాయి కనుక ఈ లెవెల్‌ను తొందరగా ముగించకండి. రెండో లెవెల్ ఎడారి. అక్కడ బంగారు పురుగు బొమ్మ రెండు ముక్కలుగా దాగి ఉంటుంది, ఆ రెండూ దొరికితేనే పని పూర్తవుతుంది. తెర కుడివైపుకే వెళ్లాలన్న అలవాటును ఇక్కడ మానుకుని, పైకీ వెనక్కీ కూడా వెతకాలి. అక్కడ ఒకచోట బట్టలు ఆరేసే తాడు మీద మిక్కీ మౌస్ చెవుల టోపీ వేలాడుతూ ఉంటుంది, గమనించినవారికి ముచ్చటేస్తుంది. మూడోదైన అగ్రబా మిద్దెల లెవెల్‌లో వేణువు దొరికిన చోట తాడు దానంతట అదే లేచి నిలబడుతుంది. దారి మూసుకుపోయిందనిపిస్తే వేణువు కోసం చూడండి.

నాలుగోది సుల్తాను చెరసాల. చాలామంది మొదటిసారి ఆగిపోయేది ఇక్కడే. గోడలోంచి రాళ్లు ఒక వరుసలో బయటికి వచ్చి, కొద్దిసేపటికి లోపలికి వెళ్లిపోతాయి. మొదటి రాయి పూర్తిగా బయటికి వచ్చాక దూకితే, రెండో రాయి వచ్చేలోపు మొదటిది మాయమై కింద పడతారు. కదలకుండా నిలబడి ఆ వరుస మొత్తం రెండుసార్లు చూడండి. రాళ్లు వచ్చే క్రమం మారదు. ఆ లయ తెలిసిన తరువాత, రాయి బయటికి వస్తుండగానే, అది పూర్తిగా రాకముందే దూకాలి. అప్పుడు మీరు దాని మీద కాలు పెట్టే సమయానికి అది గట్టిగా నిలబడి ఉంటుంది, తరువాతి రాయికి కావలసినంత వ్యవధి మిగులుతుంది. ఊగే ఇనుప గుండ్ల దగ్గర కూడా ఇదే పద్ధతి: గుండు మీ వైపు నుంచి దూరంగా వెళ్లడం మొదలుపెట్టిన క్షణంలో బయలుదేరాలి. అస్థిపంజరాలను మాత్రం చూస్తూ కూర్చోకూడదు. అవి లేచి నిలబడిన కాసేపటికి పేలిపోయి ఎముకలు చిమ్ముతాయి, అందుకని లేస్తుండగానే కత్తితో కొట్టెయ్యాలి.

అయిదోదైన అద్భుతాల గుహలో గబ్బిలాల కోసం యాపిల్ పండ్లు ఖర్చు పెట్టవచ్చు. ఆరోది ఆ గుహ నుంచి పారిపోవడం. ఇంతవరకు ఆగి చూడమని చెప్పిన సలహా ఈ లెవెల్‌లో పనికిరాదు. వెనుక నుంచి పెద్ద బండరాయి దొర్లుకుంటూ వస్తుంది, కింద మరుగుతున్న లావా ఉంటుంది. ఇక్కడ శత్రువులను కొట్టడం గురించి మరచిపోయి, చూపును అల్లాదీన్ మీద కాకుండా తెర కుడి అంచు మీద నిలపాలి. కాలి కింద ఉన్న రాయి గురించి ఆలోచిస్తే ఆలస్యమైపోతుంది. తరువాత దిగబోయే రాయి ఎక్కడుందో ముందే కనబడాలి. వరుసగా వచ్చే చిన్న రాళ్ల మీద ఎక్కడా నిలబడకుండా, దిగిన వెంటనే మళ్లీ లేవాలి.

ఏడోది తివాచీ ప్రయాణం. తెర దానంతట అదే దూసుకుపోతుంది, మీరు చేయవలసింది పైకీ కిందికీ కదలడమే. ఎదురుగా ఒక చెయ్యి బొమ్మ కనిపించి ఖాళీ ఎటువైపు ఉందో వేలితో చూపిస్తుంది. వేగం పెరిగే కొద్దీ రాళ్లను చూసి తప్పించుకోవడం ఎవరివల్లా కాదు కనుక, ఆ చెయ్యిని మాత్రమే నమ్మండి. రాయిని దాటగానే తెర మధ్యకు తిరిగి వచ్చేస్తే, తరువాతి సంకేతం ఎటు వచ్చినా సగం దూరమే కదలవలసి వస్తుంది. ఈ ఒక్క అలవాటుతో ఈ లెవెల్ సగానికి సగం సులువవుతుంది. పాత యంత్రం మీద ఆడుతూ దీన్ని మాత్రమే మళ్లీ మళ్లీ సాధన చేయదలచినవారికి ఒక మార్గం ఉంది: ఆటను పాజ్ చేసి కంట్రోలర్ మీద ఏ, బీ, బీ, ఏ, ఏ, బీ, బీ, ఏ బటన్లను వరుసగా నొక్కితే లెవెల్ దాటిపోతుంది. గెలిచానని చెప్పుకోవడానికి కాకుండా, కష్టమైన చోటు దాకా త్వరగా చేరి సాధన చేయడానికి దీన్ని వాడుకోవడంలో తప్పు లేదు.

ఎనిమిదోదైన దీపం లోపలి లెవెల్ కంటికి పండుగ. జీనీ చేతుల మీద నిలబడటం, అవి ఎగరేస్తే పైకి లేవడం తప్ప ఇందులో కొత్తగా నేర్చుకోవలసింది లేదు. తొమ్మిదోదైన సుల్తాను మహలులో భటులు దట్టంగా ఉంటారు, చివర చిలుక ఇయాగో ఎదురవుతుంది. అక్కడికి చేరేసరికి యాపిల్ పండ్లు నిండుగా ఉండాలి, అందువల్ల మహలు అంతటా కత్తితోనే నెట్టుకు రావాలి.

చివరిది జాఫర్ మహలు. జాఫర్ మొదట మనిషి రూపంలోనే ఉండి, తన మంత్రదండం నుంచి వచ్చే కాంతితో అల్లాదీన్‌ను తన వైపు లాక్కుంటాడు. సహజంగా ఎవరైనా దగ్గరికి చేరి కత్తితో కొట్టాలని చూస్తారు; అది ప్రాణాంతకం. లాగుతున్నంతసేపూ అతడికి దూరంగా పరుగెత్తుతూనే ఉండాలి, పట్టు సడలిన క్షణంలో వెనక్కి తిరిగి యాపిల్ విసరాలి, వెంటనే మళ్లీ పరుగు అందుకోవాలి. ఒక్కో విరామంలో ఎన్ని విసరగలిగితే అన్నీ విసరాలన్న ఆశ పెట్టుకోకుండా, ఒకటి రెండుతో సరిపెట్టుకుంటే పొగ నిలుస్తుంది. పండ్లు అయిపోతే కంగారుపడకండి. ఆ గదిలోనే మళ్లీ దొరుకుతాయి. ఆ తరువాత అతడు మహాసర్పంగా మారి మంటలు వదులుతాడు. అప్పుడు ఒకే గట్టు మీద నిలబడిపోకుండా, మంట బయలుదేరగానే పక్క గట్టు మీదికి దూకి, గాలిలో ఉండగానే యాపిల్ విసిరే అలవాటు చేసుకోండి. నేల మీద నిలబడి విసరడానికి పట్టే ఆ కొద్ది సమయంలోనే మంట తగులుతుంది, గాలిలో విసిరితే తప్పించుకోవడం, కొట్టడం ఒకే కదలికలో అయిపోతాయి. ఇక్కడికి రెండు మూడు లైఫులు మిగుల్చుకుని రాగలిగితే, మొదటి లైఫును కేవలం మంటల వరుస గమనించడానికి వినియోగించి, రెండోదానితో సర్పాన్ని పడగొట్టవచ్చు.