బాడ్మాస్ వచ్చినా ఆన్సర్ తప్పొస్తోందా? ముందు ఆ మైనస్ చూడండి

గాజువాకలో సాయంత్రం పూట హైస్కూల్ పిల్లలకి లెక్కలు చెప్తుంటాను. "మాస్టారూ, బాడ్మాస్ ప్రకారమే చేసేను, పుస్తకం వెనకాల ఆన్సర్ ఇంకోలా ఉంది, ఏటిది" అనే గుంటలు రోజుకి ఇద్దరైనా తగుల్తారు. లెక్కలో ఏది ముందు, ఏది తర్వాత చెయ్యాలో చెప్పే ఆ రూలు నోటికి వచ్చే ఉంటుంది, జారేది వేరే చోట.

సమస్య: 100 - 3(ఎక్స్ - 5) చేస్తే 97ఎక్స్ - 485 వచ్చింది.
కారణం: ఎడం వైపు నుంచి చదువుకుంటూ 100లోంచి 3 తీసేశారు. బ్రాకెట్‌కి అతుక్కుని ఉన్న 3 అంటే గుణకారం, గుర్తు రాయలేదు అంతే.
పరిష్కారం: బీచ్ రోడ్డులో ముంత మసాలా ప్లేటు ఎక్స్ రూపాయలు, మూడు తీసుకున్నాం కదాని ప్లేటుకి 5 తగ్గించాడు, 100 నోటు ఇచ్చాం, చిల్లరెంత అన్నదే ఈ లెక్క. ప్లేటు 20 అనుకుంటే మూడు పదిహేన్లు 45, చిల్లర 55 రావాలి, మరి మీ ఆన్సర్లో 20 వేస్తే 1455 వస్తోంది, 100 నోటుకి అంత చిల్లర ఇస్తే ఆ బండాయన రేపు బండి పెడతాడా?

సమస్య: సరే బ్రాకెట్ విప్పాను, 85 - 3ఎక్స్ వచ్చింది, అదీ తప్పే అంటున్నారు.
కారణం: అసలు రోగం ఇదే, సగం మంది ఇక్కడే పోతారు. మైనస్ మొదటి దానికే తగిలించి రెండోదాన్ని వదిలేశారు. 20 వేసి చూడండి, చిల్లర 25 అంటోంది, మన 30 రూపాయలు గోవిందా.
పరిష్కారం: -3ని గుర్తుతో సహా ఎర్ర పెన్నుతో చుట్టి, లోపలున్న రెండింటికీ చెరో బాణం గియ్యండి. తగ్గించిన 15 మన జేబులోకే తిరిగొస్తుంది కాబట్టి అది ప్లస్. 100 - 3ఎక్స్ + 15, అంటే 115 - 3ఎక్స్.

సమస్య: 9ఎక్స్ - 4ఎక్స్ + 3ఎక్స్ కి 2ఎక్స్ వస్తోంది.
కారణం: బాడ్మాస్‌లో కూడిక ముందుందని 4, 3 ముందే కలిపేశారు. కూడిక, తీసివేత సమానం, ఎడమ నుంచి ఏది ముందొస్తే అది, ఆన్సర్ 8ఎక్స్. భాగహారం, గుణకారం కూడా అంతే, అమెరికా వీడియోల్లో పెమ్‌డాస్ (బాడ్మాస్‌కి వాళ్ళ పేరు, అందులో గుణకారం ముందుంటుంది) చూసి 24 ÷ 6 × 2 కి 2 అనేవాళ్ళున్నారు, అది 8.

3 + 2ఎక్స్ ని 5ఎక్స్ అనేవాళ్ళకి ఒకటే మాట, మూడు రూపాయలూ రెండు ప్లేట్లూ కలిపితే ఐదు ప్లేట్లు అవ్వవు.

సమస్య: ఎక్స్² లో -3 వేస్తే -9 వస్తోంది.
కారణం: బ్రాకెట్ పెట్టకుండా -3² అని రాశారు, అప్పుడు స్క్వేర్ 3కే, మైనస్ తర్వాత.
పరిష్కారం: (-3)² అని రాయండి, 9. ఎక్సెల్‌లో చెక్ చేసుకునేవాళ్ళు జాగ్రత్త, దానికి బ్రాకెట్ లేకుండా ఇచ్చినా 9 అనే చెప్తుంది, నోట్సులో మాత్రం బ్రాకెట్ లేని -3² అంటే -9.

ఇంకోటి, చెక్ చేసేటప్పుడు ఎక్స్ బదులు 2 వెయ్యొద్దు, 2ఎక్స్ కీ ఎక్స్² కీ రెండింటికీ 4 వచ్చి తప్పు కూడా రైట్‌లా కనిపిస్తుంది. 7 వెయ్యండి.