అప్‌డేట్ ప్రకటన చదవడం ఎలా? 3వ పాఠం: తీసేసిన సౌకర్యాలు

గత రెండు పాఠాల్లో వెర్షన్ అంకెలను, ‘పనితీరు మెరుగుపరిచాం’ వంటి పొడి వాక్యాలను ఎలా చదవాలో నేర్చుకున్నాం. ఈసారి అంతకంటే బరువైన వాక్యం: ‘భద్రతా కారణాల వల్ల ఈ సౌకర్యాన్ని తొలగిస్తున్నాం.’ గేమ్ కన్సోళ్ల తయారీదారులు హ్యాకింగ్‌ను, పైరసీని అడ్డుకోవడానికి ఈ మాట చాలాసార్లు వాడారు. దాన్ని చదివి ‘సరే’ నొక్కేయకుండా, మన చేతిలోంచి ఏది పోతోందో, దాని బదులు ఏం వస్తోందో తేల్చుకోవడమే ఈ పాఠంలో నేర్చుకునే పని.

అభ్యాసానికి 2010 మార్చి 28న సోనీ చేసిన ప్రకటనను తీసుకుందాం. ప్లేస్టేషన్ 3 గేమ్ కన్సోల్ కోసం ఏప్రిల్ 1న వచ్చే 3.21 ఫర్మ్‌వేర్ (యంత్రాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్), అంతవరకు ఉన్న ‘ఇన్‌స్టాల్ అదర్ ఓఎస్’ సౌకర్యాన్ని, అంటే వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించుకునే వీలును, తీసేస్తుందన్నది దాని సారం. కారణం భద్రత. అప్‌డేట్ వద్దనుకున్నవారికి ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి ప్రవేశం ఉండదు, ఆన్‌లైన్ ఆటలు ఉండవు, కొత్త ఫర్మ్‌వేర్ కోరే గేములు, బ్లూరే సినిమాలు ఆడవు.

మొదట తేల్చుకోవలసింది, ఆ సౌకర్యాన్ని ఎవరు దేనికి వాడుతున్నారన్నది. ప్రకటనలో ఇది ఎప్పుడూ ఉండదు, మనమే వెతకాలి. 2006లో ప్లేస్టేషన్ 3 బజారులోకి వచ్చిననాటి నుంచీ ఈ సౌకర్యంతో దానిలో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించుకునే వీలుండేది. ఇది దొంగచాటు పని కాదు, సోనీయే ఇచ్చి, ప్రచారం చేసిన సౌకర్యం. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం డార్ట్‌మత్ శాఖలో భౌతికశాస్త్రవేత్త గౌరవ్ ఖన్నా కొన్ని కన్సోళ్లను జతచేసి కృష్ణబిలాల లెక్కలు కట్టారు. న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్ పట్టణంలో అమెరికా వైమానిక దళ పరిశోధనశాల 1,700కు పైగా ప్లేస్టేషన్లతో ఒక సూపర్ కంప్యూటర్‌నే కట్టుకుంది. ఇంటర్నెట్‌కు తగిలించని యంత్రాలు 3.21 తర్వాతా పనిచేస్తాయి. కానీ ఒకటి పాడై మరమ్మతుకు వెళ్తే, లినక్స్ ఎక్కని కొత్త ఫర్మ్‌వేర్‌తో తిరిగిరావచ్చు. ప్రకటన చదివేటప్పుడు ఇలాంటి పరోక్ష నష్టాన్ని కూడా రాసుకోండి.

తర్వాతి ప్రశ్న: కంపెనీ చూపిస్తున్న ప్రమాదం నిజమేనా? ఇక్కడ సోనీకి న్యాయం చేయాలి. లినక్స్‌కు యంత్రం మొత్తం మీద అధికారం ఉండేది కాదు, హైపర్‌వైజర్ అనే కాపలా ప్రోగ్రాం దాన్ని గిరి గీసి కూర్చోబెట్టేది. 2010 జనవరిలో జార్జ్ హోట్జ్ అనే హ్యాకర్ యంత్రం మూత విప్పి, లినక్స్ నడుస్తుండగా మెమరీ తీగ మీద అతి స్వల్పమైన విద్యుత్ స్పందనం పంపి, ఆ కాపలాను దాటేశాడు. దానితో దొంగ గేములు వెంటనే ఆడలేదు. అయినా తాళం ఎలా పనిచేస్తుందో లోపలి నుంచి చూసే వీలు కలిగింది. గేములు తయారుచేసేవారి కష్టం దోపిడీకి గురవుతుందన్న భయం ఉత్తుత్తిది కాదు.

ఇక్కడే తొందరపడి తీర్పు చెప్పకండి. ప్రమాదం నిజమైనా, సౌకర్యాన్ని తీసేస్తే అది పోయిందా అన్నది వేరే ప్రశ్న. దానికి తర్వాతి నెలల చరిత్ర చూడాలి. ఆగస్టులో యూఎస్‌బీ రంధ్రంలో పెట్టే ఒక పరికరం అమ్మకానికి వచ్చింది. దానితో గేములను హార్డ్‌డిస్క్‌లోకి నకలు చేసుకుని ఆడవచ్చు. అదర్ ఓఎస్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. సెప్టెంబరులో 3.42 ఫర్మ్‌వేర్ ఆ దారి మూసింది. డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సమావేశంలో ఫెయిల్ ఓవర్‌ఫ్లో బృందం మరింత పెద్ద లొసుగు చూపింది. ప్రోగ్రాము తనదేనని యంత్రం గుర్తుపట్టడానికి సోనీ వేసే డిజిటల్ సంతకంలో ప్రతిసారీ మారవలసిన యాదృచ్ఛిక సంఖ్య ఒకటుంది. అది మారడమే లేదు! అందువల్ల రెండు సంతకాలను పక్కపక్కన పెడితే, ఆ సంతకం చేయడానికి వాడే రహస్య తాళంచెవిని లెక్కకట్టి బయటికి లాగవచ్చు. లినక్స్ అందుబాటులో ఉన్న ఏళ్లన్నీ ఈ యంత్రాన్ని ఎవరూ పూర్తిగా ఛేదించలేదనీ, దాన్ని తీసేశాకే నిపుణుల దృష్టి అటు మళ్లిందనీ ఆ బృందం వాదించింది. నాకు ఆ వాదనలో చాలా బలం కనిపిస్తుంది. చట్టబద్ధంగా లినక్స్ నడుపుకుంటూ తృప్తిగా ఉన్న ప్రతిభావంతులను సోనీ తన చేతులతో తానే ఎదుటి పక్షంలోకి నెట్టుకుంది.

చివరిగా, ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమని నేను భావించే తేడా: తీసేస్తున్నది ఇకముందు అమ్మే యంత్రాల్లోంచా, ఇప్పటికే అమ్మినవాటిలోంచా?

సెగా కంపెనీ పాత గేమ్ కన్సోల్ డ్రీమ్‌కాస్ట్‌తో పోల్చి చూడండి. దాని గేములు సుమారు 1 గిగాబైటు పట్టే ప్రత్యేక డిస్కుల మీద వచ్చేవి, ఇంట్లో నకలు తీయడం కష్టం. కానీ సంగీతపు సీడీల్లో బొమ్మలు, మెనూలు చేర్చడానికి ‘మిల్ సీడీ’ అనే సౌకర్యం పెట్టారు. 2000లో పైరసీ ముఠాలు ఆ దారినే పట్టుకుని, మామూలు సీడీ మీద రాసిన గేములను ఏ చిప్పూ అమర్చకుండా ఆడించాయి. సెగా తర్వాత తయారుచేసిన యంత్రాల్లో ఆ సౌకర్యం తీసేసింది. పాతవి కొన్నవారి యంత్రాలు మాత్రం కొన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. సోనీ కూడా 2009 సెప్టెంబరులో వచ్చిన స్లిమ్ మోడల్‌లో అదర్ ఓఎస్ ఇవ్వలేదు. దానిమీద అసంతృప్తి ఉండవచ్చు గానీ అందులో అన్యాయం లేదు, ఇష్టం లేనివారు కొనరు. 3.21 అలాంటిది కాదు. డబ్బు తీసుకుని ఇచ్చిన వస్తువులోంచి ఒక భాగాన్ని వెనక్కి తీసుకుంది. లినక్స్ ఉంచుకుంటే ఆన్‌లైన్ పోతుంది, ఆన్‌లైన్ ఉంచుకుంటే లినక్స్ పోతుంది. రెండూ ఉంటాయనే కదా కొన్నారు? కొనుగోలుదారులు 2010లోనే అమెరికాలో దావా వేశారు. ఏళ్ల తరబడి సాగి చివరకు 37.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. పోయిన సౌకర్యం మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి ఇలాంటి ప్రకటనను కింది నుంచి పైకి చదవడం అలవాటు చేసుకోండి. ‘భద్రత’ అన్న పదం పైన ఉంటుంది, వద్దంటే పోయేవాటి జాబితా కింద ఉంటుంది. ఆ జాబితా ఎంత పొడవుంటే, మీకు ఇచ్చిన ఎంపిక అంత ఉత్తది.

వచ్చే పాఠంలోగా చేయవలసిన అభ్యాసం: మీ ఇంట్లోని టీవీ, ఫోను, ప్రింటర్, కన్సోల్, వీటిలో ఏదో ఒకదాని పాత అప్‌డేట్ ప్రకటన తెరవండి. ‘తొలగించాం’, ‘ఇకపై అందుబాటులో ఉండదు’, ‘మద్దతు నిలిపివేశాం’ అన్న మాటల కింద గీత గీయండి. ఒక్కొక్క దానికి పక్కన, ఆ సౌకర్యం మీరు కొన్ననాడు ఉందో లేదో, అప్‌డేట్ మానేస్తే ఏది ఆగిపోతుందో రాయండి. తెలియని చోట ఖాళీ వదలండి, ఊహతో నింపవద్దు.

4వ పాఠంలో ఆ మారని సంఖ్య లెక్కను కాగితం మీద చేద్దాం. రెండు సమీకరణాలు, రెండు తెలియని రాశులు. పదో తరగతి గణితం గుర్తుంటే చాలు.