యాపిల్ మెత్తబడకుండా రెండు నెలలు ఫ్రిజ్‌లో ఎలా ఉంచాలి?

విశాఖ ఉక్కపోత యాపిల్‌కి అస్సలు పడదు. పూర్ణా మార్కెట్ నుంచి పెట్టె తెచ్చి డైనింగ్ టేబుల్ మీద అందంగా పేరుస్తారు, వారం పది రోజులకల్లా తొక్క నిగనిగలాడుతూనే ఉంటుంది గానీ లోపల కాయంతా పిండిపిండి. చెట్టు నుంచి కోసిన తర్వాత కూడా యాపిల్ ఊపిరి తీస్తూ ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది, ఆ వాయువే దాన్ని ఇంకా మగ్గబెడుతుంది. కణాలను పట్టి ఉంచే పెక్టిన్ కరిగిపోయాక ఆ కరకర మళ్లీ రాదు.

దాచడానికైతే సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే కొత్త పంటే కొనండి. తొడిమ ఊడనిది, ఎక్కడా నొక్కు పడనిది ఏరుకోండి. మార్చి, ఏప్రిల్‌లో దొరికే మన దేశపు కాయ అప్పటికే నెలల తరబడి కోల్డ్ స్టోరేజీలో ఉండి వచ్చింది, దాన్ని దాచకుండా తినేయడమే. కడగొద్దు. తెచ్చిన రోజే, నాలుగైదు చిన్న రంధ్రాలు పెట్టిన పాలిథిన్ కవర్లలో ఒక్కోదాంట్లో ఆరు కాయల చొప్పున వేసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. న్యూస్‌పేపర్ చుట్టొద్దు, అది తేమ పీల్చి కాయని ముడతలు పడేలా చేస్తుంది.

ఇక అందరూ పాడుచేసేది ఇక్కడే. యాపిల్‌కి కావాల్సింది 0 నుంచి 1 డిగ్రీ చలి, 90 శాతం పైన తేమ. కూరగాయల డబ్బాలో సాధారణంగా అంత చలి ఉండదు. అలాగని నాబ్ చివరిదాకా తిప్పేస్తే వెనక గోడకి ఆనుకున్న కాయలు గడ్డకడతాయి, సుమారు మైనస్ 2 దగ్గర యాపిల్‌లో నీళ్లు గడ్డకట్టడం మొదలవుతుంది, కరిగాక లోపల గోధుమరంగు తిరిగి నీళ్లోడుతుంది. అందుకని గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ముంచి, కాయలు పెట్టబోయే చోటే రాత్రంతా ఉంచి, పొద్దున్నే చూడండి. జ్వరం చూసేది పనికిరాదు, ఫ్రిజ్ థర్మామీటర్ కొనండి. 1, 2 మధ్య ఉంటే చాలు. లేదంటే నాబ్ ఒక్క గీతే జరిపి మళ్లీ ఒక రాత్రి ఆగండి, తొందరపడి రెండు మూడు గీతలు తిప్పారంటే మళ్లీ మొదటికొస్తారు. ఎండలు మారినప్పుడల్లా ఇంకోసారి చూసుకోవాలి. గోడకి నాలుగు వేళ్ల ఎడం వదలండి. ఒకవేళ కాయ గడ్డకట్టిందా, చేత్తో ముట్టుకోకండి, ముట్టిన చోటల్లా కములుతుంది. నాబ్ తగ్గించి ఫ్రిజ్‌లోనే దాన్నంతట దాన్ని కరగనివ్వండి.

కరెంటు పోతే తలుపు తీయకండి. చల్లటి కాయని మన గాలిలోకి తీస్తే నిమిషంలో చెమట పడుతుంది, ఆ తడితోనే మళ్లీ లోపల పెడితే కుళ్లు పట్టుకుంటుంది. తినేవే తీయండి, తీసినవి తిరిగి పెట్టొద్దు.

వారానికోసారి కవర్లు చూసి, మచ్చ పడింది కనిపిస్తే వెంటనే తీసేయండి. క్యారెట్, కొత్తిమీర మాత్రం ఆ అరలో వద్దు. యాపిల్ వదిలే ఇథిలీన్‌కి క్యారెట్ చేదెక్కుతుంది, కొత్తిమీర పసుపెక్కిపోతుంది.