బీపీ పుస్తకంలో మూడు గడులు

మందులు వాడుతున్నా బీపీ, షుగరు అదుపులోకి రాని పెద్దవారు ఇంట్లో ఉంటే, డాక్టరుగారి దగ్గరకు మళ్ళీ వెళ్ళేలోగా రెండు వారాలపాటు ఒక నోటుపుస్తకం రాయండి. ప్రతి పేజీలోనూ నిలువుగా మూడు గడులు గీసి, వాటికి శరీరం, మనసు, మనుషులు అని పేర్లు పెట్టండి. జబ్బును శరీరంలోని లోపంగా మాత్రమే చూస్తే చాలదని, మనసునూ సామాజిక జీవితాన్నీ కలిపి చూడాలని అమెరికా వైద్యుడు జార్జ్ ఎంగెల్ 1977లో వాదించారు. ఈ మూడు గడులకూ ఆధారం ఆ ఆలోచనే.

మొదటి గడి సులువు. కాలువ గట్టు మీద ఎండలో నడిచి వచ్చిన వెంటనే బీపీ చూడకూడదు. వీపు ఆనించి, పాదాలు నేలకు మోపి ఐదు నిమిషాలు కూర్చున్నాక, చేతిని గుండె ఎత్తులో ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, రెండుసార్లు వచ్చిన అంకెలూ రాయాలి. మాత్ర వేసుకున్నదీ లేనిదీ కూడా పక్కనే రాయాలి.

రెండో గడికోసం “దిగులుగా ఉందా?” అని అడిగితే “ఏం లేదులే” అన్న జవాబే వస్తుంది. అందుకని ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి మెలకువ వచ్చింది, అప్పుడు ఏం గుర్తొచ్చింది అని అడగండి. రొయ్యల చెరువులున్న ఇళ్ళలో ఇది మరీ ముఖ్యం. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది కనుక, కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతాయేమోనన్న భయంతో సగం రాత్రి మెలకువగానే గడుస్తుంది. భయంలో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరిగి, గుండె వేగం హెచ్చి, కాలేయం నుంచి రక్తంలోకి చక్కెర ఎక్కువగా విడుదలవుతుంది.

మూడో గడిని తేలిగ్గా తీసుకోవద్దు. కొడుకు గల్ఫ్ వెళ్ళాక కోనసీమలో ఒంటరిగా ఉంటున్న మా పిన్ని పథ్యం పాటించడం లేదని నేను చాలాకాలం విసుక్కున్నాను. పుస్తకం రాయడం మొదలుపెట్టాకే, “ఒక్క ప్రాణానికి కూరెందుకే” అంటూ రెండు పూటలా మాగాయతోనే అన్నం తింటోందని తెలిసింది. రోజంతా కలిపి ఐదు గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, ఆమె కంచంలో కూరకు బదులు ఊరగాయే ఉంది. నా సలహాలేవీ పనిచేయలేదు కానీ, పక్కింటి వదినగారూ ఆమే చెరొక కూర వండుకుని మధ్యాహ్నం కలిసి తినడం మొదలుపెట్టాక మాగాయ జాడీ మూత తీయడం తగ్గింది. అందుకే ఈ గడిలో ఎవరితో కలిసి తిన్నారు, ఎవరితో మాట్లాడారు అన్నవి తప్పక రాయండి.

పుస్తకాన్ని డాక్టరుగారికి చూపించండి, అంతేగాని దాన్ని చూసి మీరే మాత్రలు మానిపించకండి. గుండెనొప్పిని “టెన్షన్ వల్లే” అని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పుస్తకాన్ని బీరువాలో దాచకుండా, పెన్నును దారంతో కట్టి, క్యాలెండరు మేకుకే తగిలించండి.